ఇంటి అచ్చుతో ఈద్ కార్డు

పండుగనాడు ఆత్మీయులకు శుభాకాంక్షలు తెలుపుట మన రెండు భాషల వారికీ పుట్టుకతో వచ్చిన అలవాటు. ఆ శుభాకాంక్షను ఒక అందమైన కాగితం మీద పెట్టి, కవరులో ఉంచి, తపాలా పెట్టెలో వేయుట మాత్రం నూట ముప్పది సంవత్సరాలకు పెద్దగా మించని అలవాటు. నేడు అది కూడా చేజారిపోతున్నది. చేతిలోని ఫోనుతో ఒక్క వేలిపోటున రెండు వందల మందికి ఒకే నెలవంకను పంపగలుగుతున్నాము. మనకు వచ్చిన రెండు వందల నెలవంకలలో ఏది ఎవరు పంపినదో సాయంత్రానికి జ్ఞాపకముండదు. ఫోనును నిందించుటకు ఈ వ్యాసం వ్రాయుట లేదు. అది లేకుండా నాకూ గడవదు. అచ్చులతో, రంగుల చిత్తరువు గల కాగితంతో ఇంట్లోనే ఒక పండుగ కార్డును ఎట్లు తయారు చేయవచ్చునో, ఆ పనిలో ఎక్కడెక్కడ చిక్కులు ఎదురగునో నా అనుభవం మేరకు చెప్పుటయే నా ఉద్దేశం.

ఈ పని నాకెట్లు పట్టుబడినదో ముందుగా చెప్పవలెను. మా నానీ గురజాలలో ఉంటారు. ఆమెకు ఉర్దూ చదువుట, వ్రాయుట వచ్చును. తెలుగు చక్కగా మాట్లాడతారు గాని తెలుగు అక్షరాలు రావు. నేను దాచేపల్లిలో తెలుగు మాధ్యమంలో చదివినవాడను. ఇంట్లో మాట్లాడేది ఉర్దూయే. అదైనా ‘నక్కో’, ‘హౌ’ అనే మన దక్కనీ. కాని ఐన్‌కూ గైన్‌కూ తేడా కాలేజీ మెట్లు ఎక్కే వరకు నాకు తెలియదు. పల్నాటి ముస్లిం ఇండ్లలో ఇది అపురూపమైన సంగతి కాదు. నోటికి ఒక భాష, చేతికి ఒక భాష. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో ఉర్దూకు రెండవ అధికార భాష హోదా లభించినది. సంతోషించవలసిన విషయమే. అయితే హోదా శాసనసభలో వచ్చినంత సులభంగా అక్షరం చేతికి రాదు గదా!

ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరంలో ఉండగా ఆ ఏటి రంజాన్‌కు నానీకి నా చేతితో చేసిన కార్డు పంపవలెనని బుద్ధి పుట్టినది. పెన్సిలు గీతలు చెరిపే తెల్ల రబ్బరు మీద బ్లేడుతో ‘ఈద్ ముబారక్’ అని ఉర్దూలో చెక్కి, స్టాంపు ప్యాడు మీద అద్ది, దళసరి కాగితం మీద ముద్రించాను. ఎక్కడినుండి చూచి చెక్కానో అక్కడ ఉన్నట్లే చెక్కాను. కనుక కాగితం మీద అది తలక్రిందులు కాకపోయినను కుడి ఎడమలు తారుమారై పడినది. దానిని చదువుటకు అద్దం కావలెను. నాకు ఆ సంగతి తెలియనేలేదు. తెలియుటకు అక్షరాలు వస్తే గదా! రెండవ పొరపాటు మరింత వింతయైనది. కార్డును అందరూ మడిచినట్లే ఎడమ వైపున మడత వచ్చునట్లు మడిచాను. నానీ దానిని చేతికి తీసుకొని, ఉర్దూ పుస్తకం తెరచినట్లు త్రిప్పి చూచారు. ఆమె మొదట చూచినది నా కార్డు యొక్క వెనుక అట్ట. అందులో ఏమీ లేదు. ఖాళీ కార్డు ఎందుకు పంపావని ఫోనులో అడిగారు.

ఈ రెండు పొరపాట్ల నుండే నేను నేర్చినదంతా వచ్చినది.

పండుగ కార్డు చరిత్రను క్లుప్తంగా చెప్పుకొందాము. 1843లో లండన్ నగరంలో హెన్రీ కోల్ అనే ఆయన తన మిత్రులకు పంపుటకై హార్స్లీ అనే చిత్రకారుని చేత బొమ్మ గీయించి అచ్చు వేయించిన కార్డును క్రిస్మస్ కార్డులకు ఆదిగా చెబుతారు. మన దేశంలో పోస్టుకార్డు 1879లో వచ్చినది. రైలు మార్గాలు, తపాలా ఏర్పాట్లు విస్తరించిన పిమ్మట ఇరవయ్యవ శతాబ్ది తొలి దశాబ్దాలలో లాహోరు, ఢిల్లీ, బొంబాయి నగరాల ముద్రాపకులు ఈద్ కార్డులు అమ్మసాగారు. మొదటి రోజులలో విలాయతు నుండి వచ్చిన బొమ్మల కార్డుల మీదనే ఉర్దూ మాటలు అదనంగా ముద్రించి ఈద్ కార్డులుగా అమ్మినవారు కూడా ఉన్నారు. పండుగను పాడుట, చిత్రించుట మనకు క్రొత్త గాదు. హైదరాబాదు నగరాన్ని 1591లో నిర్మింపజేసిన ముహమ్మద్ కులీ కుతుబ్‌షా దక్కనీ భాషలో ఈద్ మీద, వసంతం మీద కవితలు చెప్పిన రాజు. ఆ దక్కనీయే నేడు మన ఇండ్లలో కొంత మారి, కొంత అరిగి మిగిలియున్నది.

ఇక అచ్చు సంగతి. అచ్చు అనగానే రబ్బరు స్టాంపు జ్ఞాపకం వచ్చును. ప్రారంభకులకు నేను మొదట చెప్పేది బెండకాయ. నవ్వవద్దు. ముదురు బెండకాయను అడ్డంగా కోసి చూడండి. సాధారణంగా ఐదు గదులు, ఐదు కోణాలు గల పూవు కనిపించును. దానిని రంగులో అద్ది కాగితం మీద ఒత్తితే, ఏ చిత్రలేఖన శిక్షణయు లేనివాడు కూడా ఐదు రేకుల పూవును ముద్రింపగలడు. నెలవంక ప్రక్కన పెట్టితే అదే నక్షత్రం. ఒకే చిక్కు: కోసిన వెంటనే అద్దితే బెండకాయ జిగురు రంగులో కలిసి, పూవు మధ్య భాగం ముద్దకట్టును. కోసిన ముక్కను పాత వార్తాపత్రిక మీద పది నిమిషాలు బోర్లించి ఉంచి, తుడిచి, అప్పుడు అద్దవలెను. బంగాళాదుంపను రెండుగా కోసి, కోసిన ముఖం మీద నెలవంకను చెక్కుట కూడా తేలికే. అయితే కూరగాయ అచ్చు ఆయుర్దాయం ఒక్క పూట. మరునాటికి వడలిపోవును. ముప్పది కార్డులు చేయదలచినవారు ఆ పూటలోనే ముగించవలెను.

నాలుగు కాలాల పాటు ఉండవలసిన అచ్చుకు తెల్ల రబ్బరు మేలు. పెద్ద పరిమాణం గల మెత్తని రబ్బరు, పదునైన సన్నని బ్లేడు లేదా చేతిపని కత్తి చాలును. చెక్కుటలో రెండు సూత్రాలు గలవు. మొదటిది: మిగలవలసిన గీతకు ఇరు ప్రక్కలా కత్తిని బయటికి వాలునట్లు పట్టి కోయవలెను. అప్పుడు గీత పైన సన్నగా, అడుగున వెడల్పుగా, చెరువు కట్టవలె నిలుచును. లోపలికి వాల్చి కోస్తే అడుగు సన్నబడి, ఒత్తినప్పుడు గీత ఒరిగిపోవును. నాలుగు ముద్రలకే తెగిపోవును. రెండవది: వంపు తిరిగేచోట కత్తిని త్రిప్పరాదు, కత్తిని కదలకుండా పట్టుకొని రబ్బరునే త్రిప్పవలెను. నా ఎడమ చేతి బొటనవ్రేలి మీద ఉన్న మచ్చ ఈ రెండవ సూత్రం తెలియని రోజులనాటిది. లోతు రెండు మిల్లీమీటర్లు ఉంటే చాలును.

కొయ్య అచ్చుల సంగతి చెప్పకుండా ఈ ప్రకరణం పూర్తి కాదు. మన రాష్ట్రంలోనే, మచిలీపట్నం చేరువన ఉన్న పెడనలో, టేకు చెక్క మీద అచ్చులు చెక్కే పనివారు ఉన్నారు. కలంకారీ అద్దకంలో శ్రీకాళహస్తి వారు కలంతో గీస్తారు. మచిలీపట్నం, పెడన వారు చెక్క అచ్చుతో అద్దుతారు. కలంకారీ అనే మాటయే పారశీకం నుండి వచ్చినది. కలం అనగా లేఖిని, కారీ అనగా పని. గోల్కొండ సుల్తానులకు మచిలీపట్నం ప్రధానమైన రేవు. ఆ రేవు నుండి పారశీక దేశానికి అద్దకపు గుడ్డలు ఓడలలో వెళ్ళేవి. అందువలననే ఆ అచ్చులలో తీగలు, బుటాలు, తోరణపు వంపులు మసీదు గోడల మీది లతలను పోలియుండును. గుడ్డను ముందుగా కరక్కాయ రసంలో ముంచి, ఇనుప ముక్కలు, బెల్లం కలిపి ఊరబెట్టిన నీటితో నల్లని రేఖలు అద్దుతారు. కరక్కాయలోని వగరు, ఇనుము కలిసి నలుపు తేలును. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క అచ్చు. స్క్రీను ముద్రణ వచ్చిన తరువాత ఇదే పోలిక గల గుడ్డ తక్కువ ధరకు దొరకుట వలన అచ్చు చెక్కేవారి పనికి గట్టి దెబ్బ తగిలినది. అరిగి అద్దకానికి పనికిరాని చెక్క అచ్చు మీకెవరికైనా దొరికితే దానిని షోకేసులో పెట్టక కాగితం మీద వాడండి. ఒక్క జాగ్రత్త: గుడ్డ అచ్చును గట్టి బల్ల మీది కాగితంపై ఒత్తితే సగం బొమ్మయే పడును. అద్దకపువారు బల్ల మీద గుడ్డ మడతలు పరచి మెత్త చేసికొంటారు. మనమును కాగితం క్రింద పాత దుప్పటి మడత వేసికొనవలెను. అచ్చు వేసి, వెనుకనుండి పిడికిలితో ఒక్క దెబ్బ చరచవలెను. రెండవ దెబ్బ కొట్టితే బొమ్మకు నీడ పడును.

రంగు విషయంలో ఆఫీసు స్టాంపు ప్యాడు ఊదా సిరా మనకు తగదు. ఆ రంగు చూడగానే పండుగ కన్న రెవిన్యూ కార్యాలయం జ్ఞాపకం వచ్చును. పాత సబ్బుపెట్టె మూతలో పలుచని స్పాంజి ముక్క పరచి, దాని మీద పోస్టరు రంగును నీరు అతి తక్కువగా కలిపి పోసి, రెండు మూడు చుక్కలు గ్లిజరిన్ వేస్తే త్వరగా ఎండని రంగు ప్యాడు సిద్ధమగును.

ఇప్పుడు అసలు చిక్కుకు, అనగా అక్షరాలకు, వద్దాము. అచ్చు మీద ఏది కుడి వైపున ఉంటే అది కాగితం మీద ఎడమ వైపున పడును. ఉర్దూ కుడి నుండి ఎడమకు నడచును గనుక, ఉర్దూ అచ్చును చేతిలో పట్టుకొని చూస్తే అది తెలుగువలె ఎడమ నుండి కుడికి నడచుచున్నట్లు కనిపించును. తెలుగు అచ్చును చూస్తే ఉర్దూవలె నడచును. ఈ తమాషా గ్రహించిన నాడు నేను ఒక గంట సేపు రెండు అచ్చులను ప్రక్కప్రక్కన పెట్టి చూస్తూ కూర్చున్నాను.

అక్షరాన్ని తిరగవ్రాయు శ్రమ లేకుండా ఒక ఉపాయమున్నది. పలుచని కాగితం మీద మెత్తని పెన్సిలుతో మామూలుగా వ్రాసి, ఆ కాగితాన్ని రబ్బరు మీద బోర్లించి, వెనుక గోటితో రుద్దవలెను. పెన్సిలు మసి రబ్బరు మీద తిరగబడి దిగును. ఇది నేను కనిపెట్టినది గాదు. ఉర్దూ పత్రికలు శిలాముద్రణలో వెలువడిన కాలంలో కాతిబులు పసుపు పూత గల కాగితం మీద జిడ్డు సిరాతో సూటిగానే వ్రాసేవారు. ఆ కాగితాన్ని రాతి మీద బోర్లించి ఒత్తితే వ్రాత తిరగబడి రాతికి అంటుకొనేది. రాతి నుండి పత్రిక మీదికి మరల సూటిగా పడేది. నస్తాలీఖ్ వ్రాతలో అక్షరాలు పై నుండి క్రిందికి వాలుగా జారుతూ ఒకదానితో ఒకటి పెనవేసికొనును గనుక సీసపు అక్షరాల కూర్పుకు అది లొంగలేదు. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ రూపకల్పన చేసిన నూరీ నస్తాలీఖ్ వచ్చి కంప్యూటరు కూర్పు సాధ్యమగు వరకు ఉర్దూ దినపత్రిక అనగా ప్రతి రోజూ చేతివ్రాతయే. మద్రాసులో 1927లో ఆరంభమైన ‘ది ముసల్మాన్’ పత్రిక ఆ పిమ్మట కూడా చేతివ్రాతనే కొనసాగించి ప్రసిద్ధి పొందినది. హైదరాబాదు ఛత్తా బజారులో పెండ్లి శుభలేఖలు అచ్చు వేయించుకొన్నవారు కాతిబుల కలం పోకడలను చూచియే ఉంటారు.

పెన్సిలు ఉపాయంతో అక్షరాలు రానివాడు కూడా అచ్చు చెక్కగలడని అనిపించును. నేనును అట్లే అనుకొన్నాను. రెండవ సంవత్సరం నా అచ్చు సూటిగానే పడినది. కార్డు చేరిన రోజున నానీ ఫోను చేసి, “బే కా నుక్తా కిధర్ గయా?” అన్నారు. చెక్కేటప్పుడు బే క్రింది చుక్క రాలిపోయినది. ఆ చుక్కను రబ్బరు మీది మురికి అనుకొని నేనే గీకి పారవేశాను.

‘ఈద్ ముబారక్’ అను మాటలో ఎనిమిది అక్షరాలు, మూడు చుక్కలు ఉన్నవి. ఐన్, యే, దాల్ కలిసి ఒక ముక్క. మీమ్, బే, అలిఫ్ కలిసి మరొక ముక్క. అలిఫ్ తన తరువాతి అక్షరంతో చేయి కలుపదు గనుక రే ఒంటరి. రే కూడా చేయి కలుపదు గనుక కాఫ్ ఒంటరి. ఇందులో యే, బే అక్షరాలు మాట నడుమ వచ్చినప్పుడు తమ సొంత రూపాన్ని విడిచి ఒక చిన్న పన్నువలె మిగులును. రెంటికీ పన్ను ఒక్కటే. చుక్కలను బట్టియే తేడా. పన్ను క్రింద ఒక చుక్క ఉంటే బే, రెండుంటే యే, మూడుంటే పే. పైన ఒకటి ఉంటే నూన్, రెండుంటే తే, మూడుంటే సే. కనుక చుక్క రాలిపోయిన నా అచ్చులో బే లేదు, మరే అక్షరమూ లేదు; ఉత్త పన్ను మాత్రమే ఉన్నది. రే మీద పొరపాటున ఒక చుక్క పడితే అది జే అగును. కాఫ్ నెత్తిన వాలుగీత రెండుసార్లు పడితే గాఫ్ అయి, పండుగ ‘ముబారగ్’ అగును. చెక్కువానికి ఇవి తెలియకపోతే కత్తికి తెలియవు. ఆ వారమే నేను ఖాయిదా పుస్తకం కొని అలిఫ్ దగ్గర మొదలు పెట్టాను. పదిహేడేండ్ల వయస్సులో, మా ఇంటి చిన్నపిల్లల ప్రక్కన కూర్చొని.

తెలుగుకు ఈ ప్రమాదం లేదని అనుకొనవద్దు. ‘శుభాకాంక్షలు’ అను మాటలో ‘భా’ క్రింది చిన్న గీత తెగిపోతే అది ‘బా’ అగును. ఈ తప్పు అచ్చులో జరుగకపోయినను గోడల మీద, బ్యానర్ల మీద ఎటుచూచినా కనిపించుచున్నది. అచ్చు మీద నెపం వేయుటకు వీలు లేదు. తెలుగు అక్షరాలలో గుండ్రని గూళ్ళు ఎక్కువ. చిన్న పరిమాణంలో చెక్కితే ఆ గూళ్ళలో రంగు నిండి ‘మ’, ‘వ’ ఒకే ముద్దగా పడును. అక్షరం ఎత్తు పన్నెండు మిల్లీమీటర్లకు తగ్గరాదని నా అనుభవం. ఉర్దూలో ప్రారంభకులు నస్తాలీఖ్ జోలికి పోక, ఒకే సమరేఖ మీద నడిచే నస్ఖ్ వ్రాతతో మొదలు పెట్టుట మంచిది. చుక్కలను రబ్బరు మీద చెక్కకుండా విడిచి, అచ్చు పడిన తరువాత కలంతో పెట్టువారు ఉన్నారు. సులభమైన పద్ధతియే, కాని ముప్పదవ కార్డుకు వచ్చేసరికి ఎవరో ఒకరు మరచిపోతారు.

అమెరికా తపాలా శాఖ 2001 సెప్టెంబరు 1న ఈద్ తపాలా బిళ్ళను విడుదల చేసినది. నీలి నేల మీద బంగారు వన్నె అక్షరాలు. ముహమ్మద్ జకరియా అనే లిపికారుడు చేతితో వ్రాసిన వ్రాత. అందులో బొమ్మలు లేవు. ‘ఈద్ ముబారక్’ అను అక్షరాలే బొమ్మ. చూడదలచినవారు దాని చిత్రాన్ని వెదికి చూచి, చుక్కలు ఎక్కడెక్కడ పెట్టినాడో గమనించవలెను.

చిత్తరువు కాగితానికి బజారులో మెరుగు కాగితాలు దొరకును గాని, వాటికన్న ఇంట్లో చేసినదే కార్డుకు అందం. దక్కనులో పదిహేడవ శతాబ్దిలో ‘అబ్రీ’ కాగితం ప్రసిద్ధి. అబ్ర్ అనగా పారశీకంలో మేఘం. చిక్కని జిగురు నీటి మీద రంగులు తేలనిచ్చి, పుల్లతో కదిపి, కాగితం పరచి ఎత్తితే మేఘాల వంటి చారలు కాగితానికి అంటుకొనును. బీజాపూరు చిత్రకారులు ఈ మేఘాలతోనే గుర్రాలను, మనుష్యులను తీర్చినారు. మెంతులు నానబెట్టిన జిగురును కూడా ఈ పనికి వాడిన దాఖలాలు ఉన్నవి. నేను రెండుసార్లు ప్రయత్నించి విఫలుడనైనాను. వంటింట్లో మెంతులు తగ్గినవని మాటపడుట తప్ప ఫలితం లేదు.

దానికి బదులు గంజి కాగితం చేయండి. ఇది ఎవరికైనను సాధ్యం. రెండు పెద్ద చెంచాల మైదా పిండిని ఒక కప్పు నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, సన్నని సెగ మీద చిక్కబడువరకు ఉడికించి, చల్లార్చి, గుడ్డతో వడకట్టవలెను. చిక్కని అన్నపు గంజి కూడా పనికివచ్చును. అందులో పోస్టరు రంగు కలిపి, ముందుగా తడిగుడ్డతో తుడిచిన కాగితం మీద వెడల్పు కుంచెతో పూయవలెను. పూత తడిగా ఉండగానే పండ్లు ఎడమెడమగా ఉన్న దువ్వెనతో లాగితే సమాంతర రేఖలు పడును. దువ్వెనను అలవలె ఊపుతూ లాగితే అలలు. ముందు నిలువుగా, పిమ్మట అడ్డంగా లాగితే బుట్ట అల్లిక. దువ్వెన లాగినచోట పూత తొలగి అడుగు కాగితం లేతగా కనిపించుటయే దీని కీలకం. ముగ్గు వేయుట వచ్చిన మన సోదరీమణులు వ్రేలితోనే ఈ పూత మీద మెలికల ముగ్గులు గీసి నన్ను సిగ్గుపరచినారు. పుస్తకాలు కుట్టేవారు జిగురుకు పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలుపుతారు. అది విషం. చిన్నపిల్లలున్న ఇంట్లో అది లేకుండానే చేసి, ఆ సంవత్సరమే వాడివేయుట మేలు.

గంజి కాగితం ఎండినప్పుడు అప్పడమువలె వంకరలు తిరుగును. దానిని రెండు వార్తాపత్రికల నడుమ పెట్టి, పైన నాపరాయి ఉంచి ఒక రాత్రి వదలవలెను. నాపరాయికి పల్నాడులో కొదవ లేదు. ఎండబెట్టుట మాత్రం ఇంటిలోపలనే కావలెను. సున్నపు బట్టీల ప్రాంతం మనది. ఆరుబయట పెట్టిన తడి కాగితం మీద తెల్లని దుమ్ము పడి అతుక్కొనును. ఒకసారి అట్లు చెడిపోయిన నల్లని కాగితాన్ని నక్షత్రాల ఆకాశమని చెప్పి కార్డుగా పంపాను. అందరూ మెచ్చుకొన్నారు.

కార్డు కొలత, మడత మిగిలినవి. ఏ–4 కాగితంలో సగం, అనగా 210 మిల్లీమీటర్ల పొడవు, 148 మిల్లీమీటర్ల వెడల్పు గల ముక్కను రెండుగా మడిస్తే చేతికి చక్కగా ఇమిడే కార్డు వచ్చును. చదరపు మీటరుకు 250 గ్రాముల బరువు గల కాగితమైతే ఈ ముక్క బరువు ఎనిమిది గ్రాములకు లోపే. కవరుకు మరి ఐదు గ్రాములు వేసికొన్నను, పైన గంజి కాగితపు ముక్క అతికించుటకు ఇంకా జాగా ఉండును. సాధారణ ఉత్తరానికి మొదటి తూకపు హద్దు ఇరవై గ్రాములు. దళసరి గుండీలు, రాళ్ళు, పూసలు అతికించి హద్దు దాటించినవారి కార్డుకు అందుకొన్నవారు అపరాధ రుసుము కట్టవలసివచ్చును. అది మంచి పండుగ కానుక గాదు. మడత పెట్టే చోట ముందుగా స్కేలు ఆనించి, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో గట్టిగా ఒక గీత లాగవలెను. కాగితంలోని నారకు అడ్డంగా మడిస్తే మడత పగిలి తెల్లని చీలిక కనిపించును. కాగితాన్ని రెండు దిక్కులా మెల్లగా వంచి చూస్తే ఏ దిక్కున సులభంగా వంగునో ఆ దిక్కునే మడవవలెను.

మడత ఎటు రావలెను? తెలుగు చదివేవారికి ఎడమ వైపు. ఉర్దూ చదివేవారికి కుడి వైపు. రెండు భాషలవారూ ఉన్న ఇంటికి ఏమి చేయవలెను? మన వంటి ద్విభాషా సంచికలలో తెలుగు ఒక అట్ట నుండి, ఉర్దూ ఎదుటి అట్ట నుండి మొదలై నడుమ కలుసుకొనుట ఉన్నది. ఆ పద్ధతిన కార్డుకు వెనుక అట్ట అంటూ లేకుండా రెండు ముఖాలు చేసి చూచాను. ముందు అట్ట తెలుగు, వెనుక అట్ట ఉర్దూ. బాగుగానే ఉన్నది గాని ఎవరి వైపు వారే చూచి మూసివేస్తున్నారు. తెలుగు చదివే మా మామయ్య ఉర్దూ వైపు ఉన్నదనియే గమనించలేదు.

చివరకు మడతను పైకి మార్చాను. గోడ క్యాలెండరువలె క్రింది నుండి పైకి ఎత్తి తెరచునట్లు. అప్పుడు కుడి లేదు, ఎడమ లేదు. రెండు భాషలకూ ద్వారం ఒక్కటే. లోపల పై సగంలో ఉర్దూ కుడి అంచు నుండి, క్రింది సగంలో తెలుగు ఎడమ అంచు నుండి. నడుమ గంజి కాగితపు పట్టీ, దాని మీద బెండకాయ నక్షత్రాలు. బల్ల మీద ఈ కార్డు గుడారంవలె నిలబడును కూడా. ఈ మూడవ నమూనా చేరిన పిమ్మట నానీ ఏమీ అడుగలేదు. పండుగకు గురజాల వెళ్ళినప్పుడు ఆమె ఆ కార్డును మా చిన్న చెల్లెలి ముందు పెట్టి, పై సగంలోని ఒక్కొక్క అక్షరం మీద వ్రేలు ఉంచి పలికిస్తున్నారు. క్రింది సగం చెల్లెలు ఆమెకు చదివి వినిపిస్తున్నది.

చేయదలచిన మిత్రులకు కాలం విషయంలో ఒక మాట. అచ్చు చెక్కుటకు రెండు సాయంత్రాలు, గంజి కాగితం చేసి ఆరబెట్టుటకు రెండు రోజులు, ముద్రించి అతికించుటకు ఒక ఆదివారం పట్టును. రంజాన్ నెల మొదటి వారంలోనే అచ్చు చెక్కుట ఆరంభించి, ఇరవయ్యవ ఉపవాసం నాటికి కవర్లు తపాలాలో వేయగలిగితే ఊరు దాటవలసిన కార్డులు కూడా వేళకు అందును. కార్డు మీద పండుగ తేదీ మాత్రం ముద్రించవద్దు. నెల ఇరవై తొమ్మిది రోజులకు ముగియునో, ముప్పదికి ముగియునో నెలవంక కనబడువరకు ఎవరికీ తెలియదు. ఒక యేడు నేను తేదీ వేసి, తెల్లవారి నలుబది కార్డుల మీద ఆ తేదీని నక్షత్రాలతో కప్పవలసివచ్చినది. ఆ రోజున ఇంట్లో బెండకాయ కూర లేదు.